నుదుటి మీద గీత: పిల్లల ముఖానికి, తలకు వచ్చే లీనియర్ మార్ఫియాను ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి

కళ్యాణకట్టలో గుండు చేయించుకుని మా పాప తల ఎత్తేసరికి ఎడమ కనుబొమ్మ పైనుంచి నడినెత్తి దాకా ఒక గీత కనిపించింది. బ్లేడు తగిలిందనుకుని గబుక్కున ముందుకు పోయాను. గుండు గీసినాయన చేతిలోని కత్తి పక్కన పెట్టి, "గాటు నాది కాదు సామీ, ముందు నుంచే ఉండాది, చూడు" అన్నాడు. నిజమే, నెత్తురు చుక్క లేదు. తలకు గంధం పూశాం. అది ఆరేకొద్దీ గుండంతా తెల్లబడింది గానీ ఆ గీత పొడవునా మాత్రం గంధం పచ్చిగా, మందంగా నిలిచిపోయింది. వేలు పెట్టి చూస్తే గాడి. అప్పటికి పాపకు 8 ఏళ్లు.

నుదుటి మీద చిన్న మచ్చ ఉందని అంతకు ఏడు నెలల ముందే మాకు తెలుసు. ఒక క్లినిక్‌లో చూపిస్తే ఆయింట్‌మెంట్ రాసిచ్చారు, మేమూ రాస్తూనే ఉన్నాం. జుట్టు కింద అది అంత దూరం నడిచిందని మాత్రం గుండు గీసేదాకా తెలియలేదు. మీ ఇంట్లో ఇలాంటి మచ్చ ఉంటే మాలాగా ఏడు నెలలు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందు మోతాదులు మీ డాక్టర్ చెప్పినవే. మిగతా పనులు ఎలా చేసుకోవాలో చెబుతాను.

జబ్బు పేరు ముందు తెలుసుకోండి, ఓపీలో ఈ మాటలే వినిపిస్తాయి. చర్మం ఒకచోట గట్టిపడే జబ్బును మార్ఫియా అంటారు. గీతలా వస్తే లీనియర్ మార్ఫియా లేదా లీనియర్ స్క్లెరోడెర్మా. అది నుదుటి మీద, తల మీద వస్తే 'ఆన్ కూ ద సాబ్ర్' అని ఫ్రెంచి పేరు, కత్తివేటు అని అర్థం. చర్మంతో పాటు కింది కండ, కొవ్వు, ఎముక కూడా కరిగి ముఖం ఒక పక్క చిక్కిపోతే ప్యారీ రాంబర్గ్ సిండ్రోమ్ అంటారు. 1825లో ప్యారీ, 1846లో రాంబర్గ్ అనే వైద్యులు దాన్ని వర్ణించారు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడం మామూలే.

గూగుల్‌లో స్క్లెరోడెర్మా అని కొడితే ఊపిరితిత్తులు, కిడ్నీలు పాడవుతాయని వస్తుంది. అది ఒళ్లంతటికీ వచ్చే వేరే రకం. మనది ఒకచోట ఉండే రకం, ఇది అదిగా మారడం చాలా అరుదు. అంటుకోదు. మన రోగనిరోధక శక్తే దారి తప్పి చర్మం మీద పడుతుంది, అక్కడ కొల్లాజెన్ అనే పీచు పేరుకుని చర్మం గట్టిపడుతుంది. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తిపీట ముట్టావా?" అని మా అత్తగారు అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇంట్లో ఎవరైనా అలా అడిగితే డాక్టర్ దగ్గరికి వాళ్లనే తీసుకెళ్లండి, ఆయన నోటితో వింటే నమ్ముతారు.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఈ జబ్బు పచ్చిగా, అంటే ఇంకా పాకుతూ ఉండే కాలం ఒకటి ఉంది, చాలామందిలో రెండేళ్ల నుంచి ఐదేళ్లు. ఆ తర్వాత దానంతట అదే ఎండిపోతుంది. మందు పనిచేసేది పచ్చిగా ఉన్నప్పుడే. ఎండిపోయే లోపల కరిగిన కండ, ఊడిన జుట్టు మందుతో తిరిగి రావు. కింద చెప్పే పనులన్నీ అందుకే.

మొదటి పని: వెలుతురులో చూడండి

పొద్దున పూట కిటికీ పక్కన పిల్లను కూర్చోబెట్టండి. వెలుతురు పక్క నుంచి పడాలి, ఎదురుగా పడితే గాడి కనబడదు. దువ్వెన తోకతో పాయ తీసుకుంటూ నుదుటి నుంచి వెనక్కి వేలికొనతో తడమండి. చర్మం నున్నగా, మైనం పూసినట్టు మెరుస్తుందా? రెండు వేళ్లతో పట్టుకుంటే ముడత పడకుండా కిందికి అతుక్కున్నట్టు ఉందా? దాని పొడవునా జుట్టు పలచబడిందా? తర్వాత కనుబొమ్మ, కనురెప్ప వెంట్రుకలు, ముక్కుపుటం, పెదవి రెండో పక్కతో పోల్చి చూడండి. నాలుక బయటకు పెట్టమనండి, ఒక సగం సన్నగా ఉందేమో చూడండి.

పుస్తకాల్లో కొత్త మచ్చ అంచు ఎర్రగానో లేత ఊదాగానో ఉంటుందని రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద అది అంత తేలిగ్గా కనబడదు. ముదురు గోధుమ రంగుగానో బూడిద రంగుగానో కనిపించి ఎండకు కమిలిందేమో అనుకునేలా ఉంటుంది. అంచు చుట్టూ రంగు కొత్తగా ముదురుతోందా, మచ్చ పెరుగుతోందా అన్నవే మనం పట్టుకోగలిగిన గుర్తులు.

తలలో జుట్టు పోతే మన వైపు మొదట వచ్చే మాట పేనుకొరుకుడు. పేనుకొరుకుడు రూపాయి బిళ్లలా గుండ్రంగా వస్తుంది, కింద చర్మం మెత్తగా మామూలుగానే ఉంటుంది. తామర అయితే పొట్టు రాలుతుంది, దురద పెడుతుంది. బొల్లి అయితే రంగు పోతుందే గానీ చర్మం లోపలికి దిగదు. గీతలా ఉండి, గట్టిపడి, లోపలికి దిగితే మార్ఫియా ఏమోనని అనుమానించాలి. గురివింద గింజ నూరి రాయమని, ఉల్లిపాయతో రుద్దమని పదిమంది చెబుతారు. గురివింద విషం, పుండు పడుతుంది. ఆ పుండు మానేదాకా కింద అసలు జబ్బు ఎంత ఉందో డాక్టర్‌కూ తెలియదు.

రెండో పని: ఫోటోలు

డాక్టర్ మిమ్మల్ని మూడు నెలలకోసారి పది నిమిషాలు చూస్తారు. అప్పటికీ ఇప్పటికీ పెరిగిందా అంటే మీ ఫోటోలే సాక్ష్యం. నెలకోసారి ఒకే కిటికీ, ఒకే వేళ, ఒకే దూరం. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టండి, కొలత తెలుస్తుంది. ముఖం ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, తల వంచి పైనుంచి ఒకటి, గడ్డం ఎత్తి కింద నుంచి ఒకటి. ముఖం ఒక పక్క చిక్కుతోందా అన్నది కింద నుంచి తీసిన దాంట్లోనే ముందు తెలుస్తుంది. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపండి. మా ఆయన తీసిన మొదటి ఫోటోల్లో దాని పుణ్యమా అని గీతే కనబడలేదు!

పాత ఫోటోలు కూడా వెతకండి. మేము పెళ్లిళ్ల ఆల్బమ్‌లు తిరగేస్తే, మచ్చ మొదలైంది మేం అనుకున్న దానికంటే ఆరు నెలల ముందే అని తేలింది.

మూడో పని: ఎవరి దగ్గరికి

మొదట చర్మవ్యాధుల డాక్టర్. తిరుపతిలో అయితే ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధమైన రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, స్విమ్స్ ఆసుపత్రి కూడా అలిపిరి రోడ్డులోనే. చర్మం డాక్టర్ జబ్బు పేరు ఖాయం చేశాక రుమటాలజిస్ట్‌ను, అంటే కీళ్ల జబ్బులు, ఇలాంటి రోగనిరోధక శక్తి జబ్బులు చూసే డాక్టర్‌ను కూడా కలిస్తే మంచిది. లోపలికి వేసే మందులు ఏళ్ల తరబడి చూసుకోవడం వాళ్లకు అలవాటు. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. తిరుపతి నుంచి కూడా పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలు ఉంది. అపాయింట్‌మెంట్ వేలూరు ఊళ్లోని ఆసుపత్రికా, రాణిపేట క్యాంపస్‌కా అన్నది బయలుదేరే ముందే చూసుకోండి.

వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలు చాలవు. ఎంఆర్ఐ సీడీ, బయాప్సీ చేసి ఉంటే ఆ స్లైడ్లు, బ్లాకు (తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచింది) అడిగి తీసుకెళ్లండి. రెండో చోట వాళ్ల డాక్టర్ తన కళ్లతో చూడాలంటారు. లేకపోతే మళ్లీ ముక్క తీయాల్సి వస్తుంది.

డాక్టర్‌ను అడగాల్సినవి చీటీ మీద రాసుకోండి: ఇప్పుడు జబ్బు పచ్చిగా ఉందా, ఎండిందా? పూత మందు చాలా, లోపలికి కావాలా? మెదడుకు, కంటికి, పళ్లకు పరీక్షలు ఎప్పుడు? పూత మందు ఒక్కటే రాసి మూడు నెలల తర్వాత రమ్మంటే మొహమాటపడకుండా ఎందుకని అడగండి. టాక్రోలిమస్, కాల్సిపోట్రియాల్ లాంటి పూతలు పైపైన ఉన్న మచ్చకు పనికొస్తాయి. ముఖం మీద లోతుకు దిగే గీతకు అవి ఒక్కటే చాలవు. మేము అడగలేదు. పెద్ద డాక్టర్‌ను ఏం అడుగుతాంలే అనుకున్నాం.

పరీక్షలు

చాలాసార్లు కంటితో చూసే జబ్బు చెబుతారు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రక్తపరీక్షల్లో ఏఎన్ఏ (రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే పడుతోందా అని చూసేది) పాజిటివ్ అని రావచ్చు. ఈ జబ్బులో అది మామూలే, అంతమాత్రాన ఒళ్లంతటికీ వచ్చే లూపస్ అనే జబ్బు అని కాదు, టెన్షన్ పడకండి.

తల, ముఖం మీద వచ్చినప్పుడు మెదడు ఎంఆర్ఐ తీయిస్తారు. పైన చర్మానికి వచ్చిన జబ్బుకు లోపల మెదడు ఎందుకని మేమూ అడిగాం. గీత ఉన్న పక్కనే మెదడులో మార్పులు కనిపించిన పిల్లలున్నారు, కొందరిలో ఏ బాధా లేకుండానే. మొదట్లో ఒకటి తీసి ఉంచుకుంటే తర్వాత తలనొప్పి, ఫిట్స్ లాంటివి వస్తే పోల్చి చూడొచ్చు. యంత్రం లోపల డబ్బాలో రాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు వస్తుందని పిల్లకు ముందే చెప్పండి. మేం ఇంట్లో స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టి కదలకుండా పడుకునే ఆట ఆడించాం, పనిచేసింది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు ఏది వర్తిస్తుందో పరీక్షకు డబ్బు కట్టక ముందే ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో అడగండి.

శనివారం మాత్ర

లోపలికి వేసే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. మొదటి నెలల్లో దాంతో పాటు స్టెరాయిడ్ ఇస్తారు, మాత్రగానో సెలైన్‌లోనో. ఈ మందు పనిచేస్తుందా అన్న సందేహం నాకూ ఉండేది. ఇటలీలో 70 మంది పిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్ష గురించి డాక్టర్ చెప్పారు. అందరికీ మొదటి మూడు నెలలు స్టెరాయిడ్ ఇచ్చి, కొందరికి దాంతో పాటు మెథోట్రెక్సేట్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది మెథోట్రెక్సేట్ వేసుకున్నవాళ్లలో మూడోవంతు మందికి, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో పదింట ఏడుగురికి. ఇది పనిచేయకపోతే మైకోఫెనొలేట్ అనే ఇంకో మందు ఉంది.

ఈ మాత్రను వేయాల్సింది వారానికి ఒక్కసారే. రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మందుల షాపులో అలవాటు కొద్దీ కవరు మీద రోజుకొకటి అని రాసేయగలరు. అందుకే చీటీ మీద 'వారానికి ఒకసారి' అనడమే కాకుండా రోజు పేరు కూడా రాయమనండి. మాకు శనివారం. శనివారం మర్చిపోయే ఇల్లు తిరుపతిలో ఉంటుందా? పైగా రాత్రి అన్నం తిన్నాక వేస్తే, వికారం ఉన్నా మర్నాడు ఆదివారం, బడి లేదు. ఇంట్లో అందరికీ ఒక్కపొద్దు, పాపకు మాత్రం కాదు.

కొన్నప్పుడల్లా స్ట్రిప్ మీద అంకె చదవండి. 2.5 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 10 మిల్లీగ్రాములదీ ఉంటుంది. అదే మందు కదా అని చూడకుండా వేస్తే నాలుగింతలు పడుతుంది. మాత్ర వేసేది ఇంట్లో ఒక్కరే అయి ఉండాలి, వేసి క్యాలెండర్‌లో ఆ గడి కొట్టేయాలి. అమ్మ వేసింది, అవ్వ మళ్లీ వేసింది అనే గొడవ ఉండదు. మర్చిపోతే డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి, తర్వాతి వారం రెండూ కలిపి మాత్రం వేయకండి. ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, అది వేరే రోజు. మాకు సోమవారం.

మొదట్లో రెండు మూడు వారాలకోసారి, తర్వాత నెలకో రెండు మూడు నెలలకో రక్తపరీక్ష: రక్తకణాలు, లివర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. బాగానే ఉంది కదా అని మానకండి. జ్వరం, నోటి పుండ్లు, ఆగని పొడిదగ్గు, కళ్లు పచ్చబడడం, ఊరికే కమిలిన మచ్చలు వస్తే ఆ వారం మాత్ర వేయకముందే డాక్టర్‌కు చెప్పండి. ఏ జలుబుకు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందు చెప్పండి. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీంతో కలిస్తే ప్రమాదం. లివర్‌కు మంచిదని ఎవరైనా పసరు పోస్తామంటే వద్దనండి. చుట్టుపక్కల ఎవరికైనా అమ్మవారు పోస్తే, అదే చికెన్‌పాక్స్, పిల్లను దూరంగా ఉంచి వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. టీకాలు వేయించే ముందు కూడా అడగాలి. ఇది చదివే పెద్దవాళ్లలో ఎవరైనా ఈ మందు మీద ఉంటే, గర్భం రాకూడదు, బిడ్డకు హాని చేస్తుంది.

స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బుతుంది, ఆకలి విపరీతంగా వేస్తుంది. మా పాప రాత్రి పదకొండుకు సంగటి అడిగేది. ముఖం ఉబ్బిందని మీ అంతట మీరు ఆపేయకండి. ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం, డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మచ్చ కదలడం ఆగాక కూడా మెథోట్రెక్సేట్ కనీసం ఇంకో ఏడాది కొనసాగిస్తారు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. తగ్గింది కదా అని మానేస్తారు.

ఫిట్స్ వస్తే

అందరికీ రావు. వస్తే తెలిసి ఉండాలి. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, ఫోన్‌లో టైమ్ చూడండి. చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా కుక్కకండి, నీళ్లు పోయకండి. ఐదు నిమిషాలు దాటితే 108. మొదటిసారి వచ్చినా, తొందరగా ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి. కొందరికి ఒళ్లంతా కొట్టుకోదు, ఒక పక్క పెదవో చెయ్యో అదురుతుంది, లేదా మాట మధ్యలో శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. వీలైతే పక్కన ఇంకొకర్ని వీడియో తీయమనండి. ఒక పక్కే పదేపదే వచ్చే తలనొప్పిని చదువు ఎగ్గొట్టే వేషాలనుకోకండి.

కన్ను, పన్ను

కంటి లోపల వాపు కొన్నిసార్లు నొప్పి, ఎరుపు లేకుండానే వస్తుంది. అందుకే బాధ లేకపోయినా స్లిట్ ల్యాంప్ పరీక్ష (సన్నని వెలుగు వేసి కంటి లోపల చూసేది) చేయించాలి, డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ మళ్లీ. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. అద్దాల కోసం కాదు, మార్ఫియా ఉంది, లోపల వాపు ఉందేమో చూడండి అని అక్కడ స్పష్టంగా చెప్పండి. గీత చెంప దాకా దిగితే దవడ, పళ్ల వరస కూడా ఒక పక్క వెనకబడవచ్చు. పళ్లు సరిచేసే డాక్టర్‌కు ఎదిగే వయసులోనే చూపించాలి.

బడి, బంధువులు

టీచర్‌తో మాట్లాడండి: అంటువ్యాధి కాదు, వారానికోసారి మందు వేస్తాం, ఫిట్స్ వస్తే ఇలా చేయండి. అంతే, ఐదు నిమిషాల పని. బంధువులే కష్టం. ఒక పెళ్లిలో పాప ముందే ఒకామె నన్ను "పెద్దయ్యాక ఎట్లమ్మా?" అని అడిగింది. అప్పటినుంచి పాప కెమెరా కనబడితే తల ఎడమవైపు తిప్పేసేది. అలాంటప్పుడు పిల్ల తరఫున మీరే మాట్లాడండి, తలొంచుకుని ఊరుకోవద్దు. పాయ మార్చి దువ్వడం, బ్యాండు పెట్టుకోవడం దాని ఇష్టం. ఎండకు టోపీ, సన్‌స్క్రీన్ మాత్రం ఇష్టంతో సంబంధం లేకుండా. మెథోట్రెక్సేట్ మీద ఉన్నప్పుడు చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, మన ఊరి ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

గాడి పూడ్చడం

పొట్ట నుంచో తొడ నుంచో కొవ్వు తీసి నుదుటి గాడిలో నింపే పద్ధతి ఉంది. ఫిల్లర్లు, జుట్టు నాటడం కూడా ఉన్నాయి. ఇవన్నీ జబ్బు పూర్తిగా ఎండి, మందు ఆపి, కొంతకాలం కదలకుండా ఉన్నాకే. పచ్చిగా ఉండగా నింపితే నింపింది కరిగిపోవచ్చు. లేజర్‌తో మచ్చ తీసేస్తాం అనే బోర్డులు చూసి లోపలికి వెళ్లకండి. ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు జబ్బు ఎండిందని మీ రుమటాలజిస్ట్ రాసిచ్చిన కాగితం చేతిలో ఉండాలి.

మందు ఆపాక కూడా ఫోటోలు ఆపకండి. కొన్నేళ్ల తర్వాత తిరగబెట్టిన వాళ్లున్నారు. మా ఇంట్లో ఇప్పటికీ నెల మొదటి ఆదివారం, అదే కిటికీ, అదే రూపాయి బిళ్ల. పాపకు ఇప్పుడు 14 ఏళ్లు. బిళ్ల తనే పట్టుకుంటుంది, ఫోటో సరిగ్గా రాలేదని నాతో మళ్లీ తీయిస్తుంది.